ఇంటిపేరుతో కాదు, ఊరి పేరుతో వెతకండి

ప్రశ్న: మూడు తరాలుగా మాది ఖరగ్‌పూర్. తాతగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. అసలు ఊరు శ్రీకాకుళం వైపు అంటారు కానీ ఏ ఊరో మా నాన్నకి కూడా సరిగ్గా తెలియదు. తాతగారి చిన్నాన్న ఒకాయన "నేటాల్ ఓడెక్కి" వెళ్ళిపోయి మళ్ళీ రాలేదని మామ్మ చెబుతుంది. ఆవిడకి ఇప్పుడు 86 ఏళ్ళు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్ళు కూర్చుని వెబ్‌సైట్లు తిరగేస్తున్నాను. మా ఇంటిపేరు కొడితే వేలమంది వస్తున్నారు, అందులో మావాళ్ళు ఒక్కరూ లేరు. విదేశీ సైటు ఒకదానికి ఏడాది సభ్యత్వం కట్టనా? డిఎన్ఏ టెస్టు చేయించుకోనా? అసలు ఇది నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఆ సభ్యత్వం డబ్బులు ఆపండి. ఆ సైట్లు చెడ్డవని కాదు, వాటి బలమంతా అమెరికా, ఇంగ్లండు రికార్డుల్లో ఉంది. అక్కడ జనాభా లెక్కల కాగితాలు ఇంటింటివీ, మనిషి పేరుతో సహా కొన్నేళ్ళకి జనానికి తెరుస్తారు. అమెరికాలో 72 ఏళ్ళ తర్వాత, అందుకే 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. ఇంగ్లండువి నూరేళ్ళ తర్వాత. మన దగ్గర ఇంటింటి సెన్సస్ ఫారాలు చట్టప్రకారం గోప్యం, మనకి దొరికేది ఊరికి ఎంతమంది అన్న లెక్క మాత్రమే. కాబట్టి "ముందు సెన్సస్‌లో వెతకండి" అని మొదలయ్యే వీడియోలు మీరెన్ని చూసినా మీ తాతగారి దగ్గరికి చేరరు. మీ రాత్రిళ్ళు వృథా అయింది అందుకే, మీకు వెతకడం రాక కాదు.

ఇంకో కారణం ఇంటిపేరు. మనకి ఇంటిపేరంటే ప్రాణం, కానీ వెతకడానికి అది చాలా బలహీనమైన ఆధారం. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో, పది జిల్లాల్లో ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని ఆరు రకాలుగా రాస్తారు. పైగా పాత కాగితాల్లో చాలాచోట్ల అసలు ఇంటిపేరే ఉండదు, "ఫలానా వాడి కొడుకు ఫలానా, ఫలానా గ్రామం" అని మాత్రమే ఉంటుంది. తండ్రి పేరు, ఊరి పేరు, ఈ రెండూ తెలిస్తే మన రికార్డులు పలుకుతాయి. అందుకని మీ మొదటి పని వంశవృక్షం గీయడం కాదు, ఆ ఊరు ఏదో తేల్చడం.

దానికి ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క సర్వర్ మీ మామ్మగారు. ఖరగ్‌పూర్ వెళ్ళి నాలుగు రోజులు ఉండండి, కుదరకపోతే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని మాట్లాడండి. అయితే "మన ఊరేంటి మామ్మా" అని అడిగితే "శ్రీకాకుళం" అంటుంది, అక్కడితో ఆగిపోతుంది. అడిగే పద్ధతి వేరు. నాన్నకి, అత్తలకి పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయించారు? మీ ఇలవేల్పు ఎవరు, ఆ గుడి ఎక్కడుంది? పెళ్ళయిన కొత్తల్లో అత్తవారి ఊరు వెళ్ళేటప్పుడు రైలు ఎక్కడ దిగేవారు, పలాసలోనా, నౌపడలోనా, తిలారులోనా, ఆమదాలవలసలోనా? దిగాక బండి ఎంతసేపు, దారిలో నాగావళి దాటారా, వంశధార దాటారా? సంత ఏ వారం, ఏ ఊళ్ళో? అమ్మవారి పండగకి ఎక్కడికి వెళ్ళేవారు? స్టేషను, నది, సంత, ఈ మూడు తెలిస్తే మ్యాపు మీద మీ ఊరు ఓ పది కిలోమీటర్ల గుండ్రంలోకి వచ్చేస్తుంది. పుట్టువెంట్రుకల ప్రశ్న మాత్రం మానకండి, ఊరు వదిలి వందేళ్ళయినా ఆ మొక్కు కోసం సొంత ఊరి దేవుడి దగ్గరికి వెళ్ళిన కుటుంబాలు నాకు చాలా తెలుసు.

ఏళ్ళ విషయంలో పెద్దవాళ్ళని తేదీలు అడగొద్దు. ఏ నామ సంవత్సరమో చెప్పగలరేమో చూడండి, జాతకం కాగితం ఉంటే అందులో తప్పకుండా ఉంటుంది. 1927 ఉగాదికి ప్రభవ మొదలైంది, అక్కడి నుంచి వరసగా లెక్కేసుకోవచ్చు: చిత్రభాను అంటే 1942-43, తారణ అంటే 1944-45. అరవై ఏళ్ళకి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి ముత్తాత జాతకమైతే ఒక చుట్టు వెనక్కి వేసి చూడండి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) అని ఉంటే దానికి 590 కలపండి, ఫసలీ 1364 అంటే 1954-55.

మామ్మగారితో మాట్లాడుతూనే ఇంట్లో ట్రంకు పెట్టె తెరవండి. పాత శుభలేఖలు, దినం కార్డులు, తాతగారి పెన్షన్ కాగితాలు. రైల్వే సర్వీసు రిజిస్టరు కాపీ దొరికితే అందులో తండ్రి పేరు, సొంత ఊరి చిరునామా, పుట్టుమచ్చలు కూడా రాసుంటాయి. శుభలేఖ ఒక్కటి దొరికినా చాలు, రెండు కుటుంబాల ఊళ్ళూ దాని మీదే ఉంటాయి.

ఊరి పేరు దొరికాక వెంటనే గూగుల్‌లో కొట్టి "ఇదే" అనుకోకండి. మీ వైపు పేటలు, వలసలు, పురాలు ఒకే పేరుతో బోలెడు. ఇంకా పెద్ద చిక్కు జిల్లా. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న. అంతకు ముందు అది విశాఖపట్నం జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రం విడిపోకముందైతే శ్రీకాకుళం, టెక్కలి వైపంతా గంజాం జిల్లా కింద ఉండేది. పాలకొండ అప్పటికే విశాఖపట్నంలో ఉంది. అంటే మీ ముత్తాతగారి కాగితాల మీద "గంజాం" అని ఉంటే ఆయన ఒడియా ప్రాంతం నుంచి వచ్చారని కాదు. శ్రీకాకుళం అని కొడితే ఇంగ్లీషు రికార్డుల్లో ఏమీ రాదు, "చికాకోల్" అని కొట్టాలి. అలాగే విశాఖపట్నం "వైజాగపటం", భీమిలి "బిమ్లిపటం", కాకినాడ "కొకనాడ". ఈ పాత స్పెల్లింగులన్నీ ఒక కాగితం మీద రాసుకుని కంప్యూటర్ పక్కన పెట్టుకోండి. పాత ఊళ్ళు చూడటానికి టెక్సస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ సైటులో 1950ల నాటి భారతదేశం మ్యాపులు ఉచితంగా ఉన్నాయి, ఇప్పుడు పేరు మారిన ఊళ్ళు, ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ళు కూడా వాటిలో దొరకొచ్చు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత జిల్లా మాన్యువళ్ళు ఉన్నాయి. మీ వైపుకి మాల్ట్‌బీ రాసిన గంజాం మాన్యువల్, కార్మైకేల్ రాసిన విశాఖపట్నం మాన్యువల్ 1869, ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం గెజెటీర్ 1907. వాటిలో మీవాళ్ళ పేర్లుండవు, కానీ ఏ జమీందారు కింద ఏ ఊళ్ళున్నాయి, ఏ ఏడు కరువొచ్చింది, జనం ఎటు వలస పోయారు అన్నది తెలుస్తుంది. ఒక మనిషి ఇల్లొదిలి ఓడెందుకెక్కాడో అర్థం కావాలంటే ఆ కరువుల పేజీలు చదవాలి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇంగ్లండు వాళ్ళకి చర్చి రిజిస్టర్లు ఎలాగో మనకి భూమి కాగితాలు అలాగ. ఆంధ్రాలో ప్రభుత్వ భూమి రికార్డుల సైటు మీభూమి తెరిచి జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని ఊరి 1-బి (ఎవరి పేరున ఏ భూమి ఉందో చూపే పట్టిక) చూస్తే పట్టాదారు పేరు, పక్కనే తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది. మీ ఇంటిపేరు వాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నారో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. చనిపోయి ముప్పై ఏళ్ళయినా పట్టా ఇంకా తాత పేరు మీదే ఉన్న ఇళ్ళు కోకొల్లలు, అది మీకు మేలే. తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. అది ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి వెతికించుకోవాలి. అక్కడ ఇండెక్స్‌లు రెండుంటాయి, ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఆస్తులతో. ఊరు, సర్వే నంబరు పట్టుకెళ్తే రెండోది తొందరగా తెములుతుంది. ఫీజు కడితే అమ్మకాలు, దానాలు, భాగపంపిణీల నకళ్ళు ఎవరైనా తీసుకోవచ్చు.

దస్తావేజులో ఏం చూడాలో నా అనుభవం చెబుతాను. మా అమ్మమ్మ వాళ్ళమ్మని అందరూ "బుల్లెమ్మ" అనేవారట, అసలు పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు, ఫోటో లేదు. పుట్టింటివాళ్ళు "గోదావరి అవతల" అన్నారు, అంతే. ఆవిడకి పసుపు కుంకుమ కింద ఎకరం చిల్లర భూమి వచ్చిందని మాత్రం మా పెద్దమ్మ చెప్పింది. ఆ భూమి సర్వే నంబరు పట్టుకుని ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి ఆ వాల్యూమ్ బైండింగుకి వెళ్ళిందన్నారు, రెండోసారి కరెంటు లేదు. మూడోసారి చేతికొచ్చింది. 1938 నాటి దస్తావేజు, ఎవరో గుమస్తా గుండ్రటి అక్షరాలతో పుస్తకంలోకి ఎత్తి రాసిన నకలు. అది తండ్రి కూతురితో మాట్లాడుతున్నట్టే ఉంది: నా కుమార్తెవైన నీకు పసుపు కుంకుమ నిమిత్తం ఈ భూమి దఖలు పరచడమైనది, నీవు నీ పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవలసినది. పైన ఆవిడ పూర్తి పేరు, వయసు పదహారు, భర్త పేరు, ఊరు. చివర తండ్రి పేరు, దాని పక్కన "నిశాని" అన్న మాట. ఆయనకి సంతకం రాదు. ఆ పేజీ ముందు నేను చాలాసేపు కూర్చుండిపోయాను. ఆవిడ పేరేంటో ఇక్కడ రాయను, అది మా ఇంటిది, కానీ ఇప్పుడు మా పిల్లలందరికీ ఆ పేరు తెలుసు.

అదే కాగితంలో ఇంకో విషయం దొరికింది, మీకు పనికొచ్చేది అదే. చెక్కుబందీలో, అంటే పొలం హద్దులు చెప్పే చోట, పడమర ఫలానా వారి భూమి అని ఒక పేరుంది. ఆయన ఎవరా అని ఆరా తీస్తే ఆవిడ మేనమామ. అన్నదమ్ములు, వియ్యంకులు పక్కపక్క చేలల్లోనే ఉంటారు, కాబట్టి నాలుగు సరిహద్దుల పేర్లూ, సాక్షుల పేర్లూ, దస్తూరి (కాగితం రాసినవాడి) పేరు కూడా రాసుకోండి. భాగ పరిష్కారం దస్తావేజు దొరికితే అన్నదమ్ములందరూ వరసగా ఒకే పేజీలో ఉంటారు, ఊరొదిలి పోయినవాడి వాటా ఏమైందో కూడా అందులోనే తేలొచ్చు. మీ నేటాల్ తాతగారి పేరు అలా బయటపడే అవకాశం ఉంది.

ఒక జాగ్రత్త. ఊరెళ్ళి పాత భూమి గురించి అడిగితే వాటా కోసం వచ్చారనుకుని తలుపులేసుకుంటారు. వెళ్ళగానే "మాకు సెంటు భూమి కూడా అక్కర్లేదు, పేర్ల కోసం వచ్చాం" అని చెప్పండి, వీలైతే మామ్మగారి వీడియో చూపించండి.

మీ ఊరు పాత జమీందారీ గ్రామమైతే, ఆ వైపు చాలా ఊళ్ళు అంతే, రైతుల పేర్లతో సర్కారు సెటిల్‌మెంటు రికార్డు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే మొదలవుతుంది. తహసీల్దారు ఆఫీసులో ఎస్ఎఫ్ఏ (సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్) అని అడగాలి. కరణాల పద్ధతి 1984లో రద్దయ్యాక పుస్తకాలన్నీ చేతులు మారాయి, కొన్ని పోయాయి కూడా, అందుకని మాజీ కరణంగారి కుటుంబం ఆ ఊళ్ళో ఉంటే వాళ్ళనీ కలవండి.

మీ ఉత్తరంలో కులం, భూమి గురించి ఏమీ రాయలేదు. భూమి లేని కుటుంబమైతే ఈ దారి మూసుకుపోయినట్టు అనిపిస్తుంది, నాకు దాని గురించి చాలా బాధ ఉంది, ఎందుకంటే మన రికార్డులన్నీ భూమి ఉన్నవాళ్ళనే గుర్తుపెట్టుకున్నాయి. అయినా దారులున్నాయి. 1860ల నాటి ఇనాం (మాన్యం భూముల) రిజిస్టర్లలో చాకలి, మంగలి, కుమ్మరి, వెట్టి ఇనాముల కింద పేర్లు, వారసుల పేర్లు రాశారు. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు వైపు క్రైస్తవ కుటుంబాలకి బాప్తిస్మపు పుస్తకాలున్నాయి, 1878 జులైలో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. స్కూల్ అడ్మిషన్ రిజిస్టరు అన్ని కులాలకీ ఉంది, ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు బీరువాలో అడగండి. ఇక తెలంగాణలోనైతే కులానికొక కథకుల కుటుంబం ఉంటుంది, పద్మశాలీలకి కూనపులివారు, మాదిగలకి డక్కలివారు, గొల్లలకి మందెచ్చులవారు. తమకి వంశపారంపర్యంగా వచ్చిన మిరాశీ ఊళ్ళకి వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు, తరాలు నోటికి చెప్పేవాళ్ళు. అంత విలువైన జ్ఞాపకాన్ని మనం అడుక్కునేవాళ్ళ పాట అనుకుని వదిలేశాం.

ఆన్‌లైన్‌లో మరో మంచి ఆధారం 2002 నాటి ఓటరు జాబితాలు, ఎన్నికల అధికారుల సైట్లలో ఉన్నాయి. ఇంటి నంబరు వారీగా పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు ఉంటాయి. ఇళ్ళల్లో ఆడవాళ్ళ పేర్లు ఇంత పద్ధతిగా దొరికే కాగితం ఇంకోటి లేదు. పీడీఎఫ్‌లో వెతికితే తెలుగు అక్షరాలు చాలాసార్లు పట్టుకోదు, దొరకలేదని వదిలేయకండి, పేజీ పేజీ కళ్ళతో చదవండి. మామ్మగారి వయసు వాళ్ళు ఎంతమంది ఆ వీధిలో ఉన్నారో అప్పుడే తెలుస్తుంది.

నేటాల్ సంగతి. అది దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం. కూలీ ఒప్పందం మీద మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి 1860 నవంబరు 16న అక్కడ చేరింది, 1911 వరకు లక్షా 52 వేల మందికి పైగా వెళ్ళారు, వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు నుంచి ఓడెక్కినవాళ్ళే. ప్రతి మనిషికీ ఒక నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది గుర్తులు రాసుకున్నారు. ఆ ఓడల జాబితాలని డిజిటల్ చేశారు, క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతులి కేంద్రం దగ్గర మొదలుపెట్టండి. అక్కడ మీ ఇంటిపేరు కొడితే ఏమీ రాదు, ఎందుకంటే ఆ జాబితాలో ఇంటిపేర్లు దాదాపు ఉండవు. జిల్లా "గంజాం", లేదా "వైజాగపటం" అని పెట్టి, గ్రామం పేరు ఎలా పలికితే అలా రాసి, తండ్రి పేరుతో సరిచూడాలి. మద్రాసులో రాసిన గుమస్తాకి తెలుగు పేర్లు ఎలా వినపడితే అలా రాశాడు, అప్పలస్వామి "అప్పల్‌సామి" అయ్యుంటాడు, ఊరి పేరులో సగం పోయుంటుంది. బయటికి గట్టిగా చదివి చూడండి, కంటికి అర్థం కానిది చెవికి తెలుస్తుంది. ఆయన సంతతి ఇప్పటికీ అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. డర్బన్ వైపు తెలుగువాళ్ళకి 1931లో పెట్టిన ఆంధ్ర మహాసభ ఉంది, జాబితాలో నంబరు దొరికాక వాళ్ళకి రాయండి, దొరక్కముందు రాస్తే వాళ్ళు మాత్రం ఏం చేయగలరు. మారిషస్, ఫిజీ వెళ్ళినవాళ్ళకి కూడా ఇలాంటి రిజిస్టర్లే ఉన్నాయి, మామ్మగారు నేటాల్ అన్నది సరిగ్గా విన్నారో లేదో ఒకసారి మళ్ళీ అడగండి.

డిఎన్ఏ టెస్టు ఇప్పుడు వద్దు. మనలో మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు తరాలుగా ఉన్నాయి కాబట్టి ఎప్పుడో విడిపోయినవాళ్ళు కూడా టెస్టులో దగ్గరి చుట్టాల్లా కనపడతారు, ఆ లెక్కలు మేనరికం లేని సమాజాల కోసం కట్టినవి. పైగా అలాంటి ఒక పెద్ద కంపెనీలో 2023లో 69 లక్షల మంది వివరాలు బయటికిపోయాయి, 2025లో అది దివాలా పిటిషన్ వేసింది. మీ రక్తం వివరాలు మీ ఒక్కరివే కాదు, మీ అన్నదమ్ములవి, వాళ్ళ పిల్లలవి కూడా. రేపు డర్బన్‌లో ఒక కుటుంబం దొరికి, ఇద్దరికీ అనుమానం తీరాలంటే అప్పుడు ఆలోచించవచ్చు.

దొరికినవి దాచుకోవడానికి గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్లోనే ఉంటుంది, మేనరికం వల్ల ఒకే మనిషి రెండు వైపుల నుంచి వచ్చినా తట్టుకుంటుంది. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైటు ఉచితమే, కాకపోతే అక్కడ చెట్టు అందరిదీ, చనిపోయినవాళ్ళ వివరాలు ఇంకెవరైనా మార్చేయొచ్చు. ఎక్కడ పెట్టినా బతికున్నవాళ్ళ పుట్టినరోజులు, ఫోన్ నంబర్లు బయట పెట్టకండి. ప్రతి పేరు పక్కన అది ఎక్కడ దొరికిందో రాయండి: మామ్మ చెప్పింది, ఫలానా తేదీ, లేదా దస్తావేజు నంబరు, ఏడాది. ఆడవాళ్ళకి పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా రాయండి, లేకపోతే సగం వంశం అక్కడే తెగిపోతుంది. చాట్‌బాట్‌ని మీ ఇంటిపేరు చరిత్ర అడగొద్దు, రాజులతో చుట్టరికం కలిపి అందంగా చెబుతుంది, దానికి ఆధారం ఉండదు. పాత ఇంగ్లీషు చేతిరాత చదవడానికి వాడుకోండి, అది కూడా అసలు పేజీ పక్కన పెట్టుకుని.

ఈ ఆదివారం మామ్మగారికి ఫోన్ చేయండి. ఊరు తేలాక నాకు మళ్ళీ రాయండి, తాలూకా పేరు కూడా కలిపి రాయండి, ఓడల జాబితాలో ఎలా రాసుంటారో ఇద్దరం కలిసి చూద్దాం.